బేసి సంవత్సరం నవంబరు: అమెరికా రాష్ట్ర శాసనసభల ఎన్నికలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

2025 నవంబరులో వర్జీనియా, న్యూజెర్సీ ఎన్నికలు జరిగినప్పటి నుంచి వీటి గురించి అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. అమెరికాలో ఉన్నవాళ్లూ రాశారు, పిల్లలను అక్కడికి పంపినవాళ్లూ రాశారు. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న (గుంటూరు): మా అమ్మాయి వాళ్లు వర్జీనియాలో ఉంటారు. ప్రెసిడెంటు ఎన్నికలు 2024లోనే అయిపోయాయి కదా, మళ్లీ ఏడాదికే ఓటేసి వచ్చామని ఫోన్లో చెప్పింది. ఇవేం ఎన్నికలు?

జవాబు: అవి రాష్ట్రం ఎన్నికలమ్మా. అమెరికాలో ప్రెసిడెంటు, కాంగ్రెస్ ఎన్నికలు సరి సంవత్సరాల్లో వస్తాయి. చాలా రాష్ట్రాలు తమ శాసనసభల ఎన్నికలను కూడా వాటితోనే పెట్టుకున్నాయి. నాలుగు రాష్ట్రాలు మాత్రం బేసి సంవత్సరాల్లో జరుపుకుంటాయి: వర్జీనియా, న్యూజెర్సీ, మిసిసిపీ, లూసియానా. వీటినే అక్కడ ఆఫ్ ఇయర్ ఎన్నికలంటారు.

ఈ తేడా మన తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకే రోజు ఓటేశాం. తెలంగాణలో 2018లో సభను ముందే రద్దు చేయడంతో లెక్క విడిపోయింది. అక్కడ 2018 డిసెంబరులోనూ 2023 నవంబరులోనూ అసెంబ్లీకి మాత్రమే ఓటేశారు. న్యూజెర్సీ అయితే 1947 రాజ్యాంగంలోనే బేసి సంవత్సరం అని రాసుకుంది. ఢిల్లీ గాలి రాష్ట్రం మీదికి రాకూడదని మనం అనుకుంటామే, వాషింగ్టన్ విషయంలో వాళ్ల ఆలోచనా అదే. ఆ గాలి పూర్తిగా ఆగదు, కానీ బ్యాలెట్ మీద ప్రెసిడెంటు పేరు ఉండదు కాబట్టి రాష్ట్రం సంగతులు కాస్త పైకి వస్తాయి. నష్టం కూడా ఉంది. ప్రెసిడెంటు ఏడాదిలో ఓటేసినవాళ్లలో చాలామంది ఈ ఏడాది ఇంట్లోనే ఉండిపోతారు.

అన్ని బేసి సంవత్సరాలూ ఒకటి కావు. 2025లో వర్జీనియా దిగువ సభ 100 సీట్లకూ, న్యూజెర్సీ దిగువ సభ 80 సీట్లకూ ఎన్నికలు జరిగాయి. 2027లో మాత్రం నాలుగు రాష్ట్రాల్లో రెండేసి సభలకూ ఒకేసారి వస్తాయి: వర్జీనియా 140, న్యూజెర్సీ 120, మిసిసిపీ 174, లూసియానా 144, కలిపి 578 సీట్లు.

ప్రశ్న (యాష్‌బర్న్, వర్జీనియా): ఫలితాల రాత్రి "సభ ఫలానా పార్టీ చేతికొచ్చింది" అంటుంటారు. ఎన్ని సీట్లకు అలా అనొచ్చు? సగం సగం వస్తే ఎవరిది పైచేయి?

జవాబు: మీ రాష్ట్రంలో దిగువ సభ పేరు హౌస్ ఆఫ్ డెలిగేట్స్. సీట్లు 100, పదవీకాలం రెండేళ్లు. 51 వస్తే సభ మీదే. పై సభ సెనేట్. సీట్లు 40, పదవీకాలం నాలుగేళ్లు, 21 కావాలి. 2023లో డెమోక్రాట్లు సరిగ్గా ఈ రెండు అంకెల మీదే నెగ్గారు, హౌస్‌లో 51, సెనేట్‌లో 21. 2025లో హౌస్‌లో వారి బలం 64కు పెరిగింది. ఆ ఏడాది సెనేట్‌కు ఎన్నికలు లేవు.

హౌస్‌లో సమానమొస్తే తేల్చేవారు లేరు, ఇద్దరూ కూర్చుని పంచుకోవాల్సిందే. సెనేట్‌లో 20-20 వస్తే అధ్యక్ష స్థానంలో ఉండే లెఫ్టినెంట్ గవర్నర్ (రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి పదవి) నిర్ణాయక ఓటు వేస్తారు. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది మన హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ. 2019లో రిచ్‌మండ్ ప్రాంతం నుంచి రిపబ్లికన్ల సీటును గెలిచి సెనేట్‌కు వచ్చారు. ఆ ఏడాది డెమోక్రాట్లకు దక్కిన 21-19 ఆధిక్యంలో ఆమె సీటూ ఒకటి. 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు.

చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఆ నిర్ణాయక ఓటు అన్నింటికీ పనికిరాదు. 2011 ఎన్నికల్లో సెనేట్ 20-20 అయింది. రెండు సీట్లు చేతులు మారడమే దానికి కారణం, వాటిలో ఒకటి రెండు వందల పైచిలుకు ఓట్ల తేడాతోనే. 2012 జనవరిలో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ బిల్ బోలింగ్ ఓటుతో రిపబ్లికన్లు కమిటీలన్నీ తీసుకున్నారు. తీరా బడ్జెట్ దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది. బడ్జెట్‌కు ఎన్నికైన సభ్యుల్లోనే మెజారిటీ కావాలని రాజ్యాంగం చెబుతుంది. లెఫ్టినెంట్ గవర్నర్ సభకు అధ్యక్షుడే తప్ప సభ్యుడు కాడు. డెమోక్రాట్లు అక్కడ పట్టు పట్టారు. కాబట్టి 20-20ని గెలుపుగా లెక్కేయకండి. అది సగం తాళంచెవి.

ప్రశ్న (వరంగల్, రాజనీతిశాస్త్రం విద్యార్థి): ఒక్క ఓటుతో అక్కడ మొత్తం సభ ఎవరిదో తేలిందని మా మాస్టారు అన్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. వివరంగా చెబుతాం, ఎందుకంటే ఓటు ఎక్కడ చెడుతుందో ఇంతకన్నా బాగా చూపించే కేసు లేదు.

2017 నవంబరు 7న వర్జీనియా హౌస్‌కు ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు రిపబ్లికన్లకు 66, డెమోక్రాట్లకు 34. ఆ ఒక్క రోజే డెమోక్రాట్లు 15 సీట్లు గుంజుకున్నారు. లెక్క 50 రిపబ్లికన్, 49 డెమోక్రాట్ దగ్గర నిలిచింది, తేలాల్సింది న్యూపోర్ట్ న్యూస్ ఊళ్లోని 94వ నియోజకవర్గం. అక్కడ రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ పది ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. డెమోక్రాట్ షెల్లీ సైమండ్స్ రీకౌంటు కోరారు.

వర్జీనియాలో రీకౌంటు దానంతటది జరగదు, ఓడినవారు అడగాలి. తేడా ఒక శాతం లోపు ఉంటేనే అడగొచ్చు, అర శాతం లోపైతే ఖర్చు వాళ్ల మీద పడదు. కాగితం బ్యాలెట్లను మళ్లీ స్కానర్లలో పెడతారు. యంత్రం తిప్పికొట్టినవాటిని ఇరుపక్షాల మనుషుల ముందు చేత్తో చూస్తారు. డిసెంబరు 19న లెక్క తేలింది: సైమండ్స్ 11,608, యాన్సీ 11,607. సభ 50-50 అయిందని అందరూ అనుకున్నారు.

మర్నాడు ముగ్గురు న్యాయమూర్తుల ముందుకు ఒక బ్యాలెట్ వచ్చింది. దాన్ని దగ్గరగా చూడండి. ఓటరు యాన్సీ పేరు పక్కన గుండ్రం నింపారు, సైమండ్స్ పక్కన గుండ్రమూ నింపారు. ఆ రెండోదాని మీద అడ్డంగా ఒక గీత ఉంది. మిగతా పదవులకు ఓట్లన్నీ రిపబ్లికన్లకే. ఆ గీత కొట్టివేతేనని, ఓటరు మనసు యాన్సీ వైపే ఉందని న్యాయమూర్తులు తీర్పిచ్చారు. 11,608కి 11,608 అయ్యాయి.

సమానమైతే చీటీలు వేయమని వర్జీనియా చట్టం చెబుతుంది. మన పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి పదవికి ఓట్లు సమానమొస్తే చీటీ తీసినట్టే. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఇద్దరి పేర్లూ కాగితం ముక్కల మీద రాసి, పాతకాలం కెమెరా ఫిల్మ్ డబ్బాల్లో విడివిడిగా పెట్టి, మ్యూజియం నుంచి తెచ్చిన పింగాణీ గిన్నెలో వేశారు. రాష్ట్ర ఎన్నికల బోర్డు ఛైర్మన్ ఒకటి తీశారు. యాన్సీ పేరు వచ్చింది. సభ 51-49తో రిపబ్లికన్ల దగ్గరే ఉండిపోయింది. రెండేళ్ల తర్వాత 2019లో సైమండ్స్ అదే సీటు గెలిచారు.

ఓటరుగా దీన్నుంచి తీసుకోవాల్సింది ఇది. గుండ్రం పూర్తిగా నింపండి. టిక్కులు, ఇంటూలు వద్దు. తప్పు పడితే గీత గీసి సరిదిద్దకండి, ఆ బ్యాలెట్ అధికారికి తిరిగిచ్చి కొత్తది అడగండి. అది మీ హక్కు, ఎవరూ ఏమీ అనుకోరు. స్కానర్ కాగితాన్ని తిప్పికొట్టినా, తెర మీద హెచ్చరిక వచ్చినా "పరవాలేదు, వేసేయండి" అనకండి. ఏది చెల్లదంటోందో చదివి కొత్త బ్యాలెట్ తీసుకోండి.

అదే ఎన్నికల్లో 28వ నియోజకవర్గంలో మరో రకం తప్పు జరిగింది. తేడా 73 ఓట్లు. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర 147 మందికి వేరే నియోజకవర్గం బ్యాలెట్ చేతికిచ్చారని తర్వాత బయటపడింది. జాబితాలో వీధులను నియోజకవర్గం సరిహద్దుకు తప్పు వైపు చేర్చడమే కారణం. కోర్టుకెళ్లినా ఎన్నిక మళ్లీ పెట్టలేదు. మీ నియోజకవర్గం సంఖ్య ముందే చూసుకుని వెళ్లి, బ్యాలెట్ మీది పేర్లు అవేనా కాదా చూడమని అక్కడున్న మీవాళ్లకు చెప్పండి.

చీటీతో కూడా కథ ముగియకపోవచ్చు. 2015లో మిసిసిపీ 79వ నియోజకవర్గంలో డెమోక్రాట్ బో ఈటన్‌కూ రిపబ్లికన్ మార్క్ టలోస్‌కూ చెరి 4,589 ఓట్లు వచ్చాయి. పుల్లలు తీయిస్తే ఈటన్‌కు పొడుగుది వచ్చింది. అయినా తన సభ్యుల ఎన్నికపై తుది మాట సభదే కాబట్టి, ఇల్లు మారి ఆ సంగతి గడువులోగా నమోదు చేయించని ఐదుగురి ఓట్లు చెల్లవని తీసేసి, 2016 జనవరిలో సభ టలోస్‌ను కూర్చోబెట్టింది. దాంతో 122 మంది సభలో రిపబ్లికన్లు 74 అయ్యారు. అక్కడ పన్ను బిల్లులకు కావాల్సిన అయిదింట మూడు వంతుల మెజారిటీ, అంటే నూటికి అరవై, సరిగ్గా ఆ అంకెతో దాటుతుంది. ఇల్లు మారగానే చిరునామా మార్పించుకోమని మేం ప్రతిసారీ చెప్పేది ఇందుకే.

ప్రశ్న (గ్లెన్ అలెన్, వర్జీనియా): 51 అయినా 55 అయినా గవర్నర్ ఉన్నారుగా. సభ ఏ పార్టీదైతే మా రోజువారీ బతుకులో ఏం మారుతుంది?

జవాబు: మొదటి రోజే మారుతుంది. మెజారిటీ పార్టీ స్పీకర్‌ను ఎన్నుకుంటుంది, స్పీకర్ కమిటీలు వేస్తారు. మీ రాష్ట్రంలో సమావేశాలు సరి సంవత్సరంలో 60 రోజులు, బేసి సంవత్సరంలో అంతకన్నా తక్కువ. ఆ కాస్త వ్యవధిలో వేల బిల్లులు వస్తాయి. వాటిలో చాలా భాగం సభ ముందుకే రావు, ఉదయం ఏడు గంటలకు కూర్చునే ఏ చిన్న ఉపసంఘంలోనో ఆగిపోతాయి. మెజారిటీ అసలు బలం సభలో ఓట్ల కన్నా అక్కడే ఉంది.

మెడికెయిడ్ సంగతి చూడండి. తక్కువ ఆదాయమున్న పెద్దలకు ఆ ఆరోగ్య బీమాను విస్తరించడాన్ని వర్జీనియా హౌస్ ఏళ్ల తరబడి అడ్డుకుంది. 66 నుంచి 51కి పడ్డాక, సభ రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నా, వాళ్లలో కొందరు మెత్తబడ్డారు. 2018లో అది నెగ్గింది, 2019 జనవరి 1న అమలైంది. అంటే కుర్చీ చేతులు మారకపోయినా ఆధిక్యం సన్నబడితే చాలు, ఫలితం వస్తుంది.

రాజ్యాంగ సవరణకు ఇంకో దారి. శాసనసభ ఒకసారి ఆమోదించాలి, మధ్యలో హౌస్ ఎన్నిక జరగాలి, కొత్త సభ అదే మాటలతో మళ్లీ ఆమోదించాలి, ఆ తర్వాత ప్రజల ఓటు. గవర్నర్ సంతకంతో పని లేదు. నియోజకవర్గాల సరిహద్దులు గీసే పనిని ఒక సంఘానికి అప్పగించే సవరణను 2019లో రిపబ్లికన్ సభ, 2020లో డెమోక్రటిక్ సభ ఆమోదించాయి, అదే నవంబరులో ప్రజలు ఒప్పుకున్నారు. మధ్యలో వచ్చే ఆ బేసి సంవత్సరం ఎన్నిక సవరణకు జల్లెడ లాంటిది.

గవర్నర్ ఒక బిల్లును తిరస్కరిస్తే, ఆ వీటోను తిప్పికొట్టడానికి మూడింట రెండొంతులు కావాలి. అందరూ హాజరైతే హౌస్‌లో 67, సెనేట్‌లో 27. ఇప్పటి 64 కూడా దానికి మూడు తక్కువే.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): మా బ్యాలెట్‌లో అసెంబ్లీకి ఇద్దరికి ఓటేయమంటారు, సెనేటర్ ఒకసారి ఉంటారు ఒకసారి ఉండరు. కొంచెం విడమర్చండి.

జవాబు: మీ రాష్ట్రానికి 40 నియోజకవర్గాలు. ఒక్కొక్కదాని నుంచి ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు. అందుకే 40, 80. అసెంబ్లీకి మీకు రెండు ఓట్లు. రెండూ ఒకే పార్టీకి వేయాలని లేదు. ఒకటే వేసి ఊరుకున్నా చెల్లుతుంది, కానీ ఒకే అభ్యర్థికి రెండూ వేయడం కుదరదు.

సెనేట్ పదవీకాలం పదేళ్లలో 2, 4, 4. జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాల కొత్త సరిహద్దులు త్వరగా అమల్లోకి రావాలని మొదటి విడత రెండేళ్లే పెట్టారు. అందుకే 2021, 2023, 2027. అసెంబ్లీకి రెండేళ్లకోసారి. 2025లో డెమోక్రాట్లకు 80లో 57 వచ్చాయి.

మీ దగ్గర చాలా నియోజకవర్గాల్లో గెలుపు జూన్‌లో ప్రైమరీలోనే (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే) తేలిపోతుంది, దాన్ని వదులుకోకండి. ఏ పార్టీలోనూ నమోదు కానివారు ప్రైమరీ రోజునే పోలింగు కేంద్రంలో పార్టీ చెప్పి ఓటేయొచ్చు. ఒక పార్టీలో ఉండి ఇంకోదానికి మారాలంటే మాత్రం 55 రోజుల ముందే మారాలి. వర్జీనియాలో పార్టీ నమోదే లేదు, ఎవరైనా ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేయొచ్చు.

ప్రైమరీ బ్యాలెట్ రూపం కూడా మారింది. ఇదివరకు జిల్లా పార్టీ నాయకులు ఒప్పుకున్నవారి పేర్లన్నీ ఒకే వరుసలో వచ్చేవి, మిగతావారు ఎక్కడో చివరి గళ్లలో ఉండేవారు. కంటికి ఆ వరుసే ఆనేది. 2024 మార్చిలో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతిని ఆపింది. 2025 ప్రైమరీలో పదవి వారీగా పేర్లన్నీ ఒకచోటే వచ్చాయి.

పెద్ద తలకాయలు ఓడరని అనుకోకండి. 2010 నుంచి సెనేట్ అధ్యక్షుడిగా ఉన్న స్టీవ్ స్వీనీని 2021లో ఎడ్ డర్ అనే ట్రక్కు డ్రైవరు అతి తక్కువ ఖర్చుతో ఓడించారు. రెండేళ్లకు ఆ సీటు మళ్లీ డెమోక్రాట్లకే పోయింది. మనవాళ్ల సంగతికొస్తే, నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల 2001లో 17వ నియోజకవర్గం నుంచి గెలిచి, 2014 వరకు అసెంబ్లీలో ఉన్నారు, డిప్యూటీ స్పీకర్‌గా కూడా చేశారు. అది కూడా బేసి సంవత్సరం ఎన్నికే.

ప్రశ్న (విజయవాడ): గెలిచాక పార్టీ మారితే అక్కడ సభ్యత్వం పోతుందా?

జవాబు: పోదు. పార్టీ ఫిరాయిస్తే సభ్యత్వం పోయే మన పదో షెడ్యూలు లాంటిది అక్కడ లేదు. విప్ ధిక్కరించినా సీటు సీటే. 2023 మార్చిలో లూసియానా హౌస్‌లో ఎన్నో ఏళ్లుగా డెమోక్రాట్‌గా ఉన్న ఫ్రాన్సిస్ థాంప్సన్ రిపబ్లికన్లలో చేరారు. దాంతో 105 మంది సభలో వాళ్లకు మూడింట రెండొంతులు వచ్చేశాయి, ఒక్క ఓటూ పడకుండానే. లూసియానా ఎన్నిక తీరే వేరు: అన్ని పార్టీలవారూ ఒకే బ్యాలెట్ మీద, అక్టోబరులో ఒక శనివారం పోటీపడతారు. ఎవరికీ సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరికీ నవంబరులో మళ్లీ పోటీ.

రాజీనామాలూ ఇలాగే పనిచేస్తాయి. 2014 జూన్‌లో వర్జీనియా సెనేటర్ ఫిల్ పకెట్ రాజీనామాతో 20-20 కాస్తా డెమోక్రాట్లకు 19, రిపబ్లికన్లకు 20 అయి, సెనేట్ రిపబ్లికన్ల చేతికి వెళ్లింది. ఉప ఎన్నికలను తేలిగ్గా చూడొద్దనేది ఇందుకే. 2025 జనవరి 7న మనవాళ్లు ఎక్కువగా ఉండే లౌడన్ కౌంటీలో ఒక సెనేట్ సీటుకూ ఒక హౌస్ సీటుకూ ఉప ఎన్నికలు జరిగాయి. చలికాలం, వారం మధ్యలో మంగళవారం. డెమోక్రాట్లు రెండూ నిలబెట్టుకున్నారు. రెండూ పోయి ఉంటే 21-19, 51-49 రెండూ సమానమై కూర్చునేవి.

ప్రశ్న (హెర్న్‌డన్, వర్జీనియా): మావారిది హెచ్-1బి, నాకు గ్రీన్‌కార్డు వచ్చింది. రాష్ట్రం ఎన్నికలే కదా, మేం ఓటేయొచ్చా? లేకపోతే ఇంకేం చేయొచ్చు?

జవాబు: వేయకూడదండీ. శాసనసభ ఎన్నికల్లో ఓటు పౌరులకే. ఇది మాట వరసకు చెప్పడం కాదు, పొరపాటున నమోదైనా రేపు పౌరసత్వం దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అన్న ప్రశ్న దగ్గర చిక్కుకుంటారు. ఓటేస్తే దేశం నుంచి పంపేసే దాకా పోవచ్చు. వర్జీనియాలో డ్రైవింగు లైసెన్సు కోసం వెళ్లినప్పుడే ఓటరు నమోదూ జరిగిపోయే ఏర్పాటుంది. తెర మీద "మీరు అమెరికా పౌరులా" అని అడుగుతుంది. వెనక వరుస పెరుగుతోందని తొందరపడి నొక్కుకుంటూ పోవద్దు. ఆగి, చదివి, "కాదు" అని నొక్కండి. నమోదు కార్డేదైనా ఇంటికొస్తే దాచిపెట్టకుండా కౌంటీ రిజిస్ట్రార్‌కు రాసి రద్దు చేయించి, ఆ కాగితం నకలు భద్రం చేసుకోండి, ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి.

విరాళం విషయంలో మీ ఇద్దరికీ తేడా ఉంది. గ్రీన్‌కార్డు ఉన్న మీరు ఇవ్వొచ్చు, హెచ్-1బి మీదున్న మీవారు ఇవ్వకూడదు. ఉమ్మడి ఖాతా నుంచి చెక్కు రాస్తే మీ పేరు మీద మీ సంతకంతోనే, మీ సొమ్ముతోనే ఉండాలి. జీతం తీసుకోకుండా ప్రచారంలో సాయం చేయడం ఇద్దరికీ కుదురుతుంది: ఇంటింటికీ తిరగడం, ఫోన్లు చేయడం, తెలుగు తప్ప రాని పెద్దవాళ్లకు ఎన్నికల తేదీలు చెప్పడం. పౌరసత్వం ప్రమాణం అయిన రోజున మాత్రం ఆలస్యం చేయకండి. న్యూజెర్సీలో 2025 ఎన్నికలకు 21 రోజుల ముందే నమోదు ముగిసింది. వర్జీనియాలో గడువు దాటినా పోలింగు రోజున నమోదై తాత్కాలిక బ్యాలెట్ వేయొచ్చు, అధికారులు అర్హత సరిచూసుకున్నాక దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. వర్జీనియాలో పోలింగు ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకా, న్యూజెర్సీలో రాత్రి 8 దాకా. వచ్చే పెద్ద తేదీ 2027 నవంబరు 2, మంగళవారం.